పట్టు, తొమ్మిది బై ఏడు

నా జీవితంలో ఇద్దరి రక్తం కళ్ళచూశాను. ఒకాయన తల నా చేతులతోనే పగలగొట్టాను. ఇంకొకాయన చేతులు నా నోటిమాటతో విరగ్గొట్టించాను. నేను రౌడీని కాను, ఫ్యాక్షన్ మనిషినీ కాను. హిందూపురంలో ఒక పఠనమందిరానికి గ్రంథపాలకుణ్ణి. రెండుసార్లూ గొడవ ఒకటే, చరిత్ర పుస్తకాలను ఏ పేరు కింద పెట్టాలన్నదే.

గ్రంథాలయం అంటే నిశ్శబ్దమని అనుకునేవాళ్ళు మా పఠనమందిరానికి ఎప్పుడూ వచ్చి ఉండరు. అది ఒక బెల్లం మండీ మీద మిద్దె. కింద బండ్లు దిగుతుంటే గోడలు అదిరేవి. బెల్లం వాసనకు వచ్చిన కందిరీగలు కిటికీల్లోంచి లోపలికి దూరి చదివేవాళ్ళను కుట్టేవి. మూడు బీరువాల పుస్తకాలు, రెండు బల్లలు, ఒక స్టూలు, నల్లమద్ది రూళ్ళకర్ర ఒకటి, నేను. పంతొమ్మిది వందల ముప్ఫైల చివర మద్రాసుకు పోయి ఆరు వారాలు గ్రంథాలయ శిక్షణ పొంది వచ్చాను. అప్పటినుంచి నా తలలో అంకెలు తప్ప ఇంకేమీ లేవు. ఒక పుస్తకాన్ని తీసినచోట కాక ఇంకోచోట పెట్టినవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒక ప్లీడరు గుమాస్తాను ఇందుకే చెంప మీద కొట్టాను. అతను వయసులో నాకన్నా పెద్దవాడు. అప్పుడు సిగ్గు పడలేదు, ఇప్పుడు పడుతున్నాను.

మిగతా రెండు బీరువాలతో నాకు ఏ బాధా లేదు. వైద్యం వైద్యమే, వ్యవసాయం వ్యవసాయమే. మూడో బీరువాతోనే చావు వచ్చింది. దాని నెత్తిన 'దేశ చరిత్ర' అని రాసి అంటించాను. ఏ దేశం అని అడగడం మొదలుపెట్టారు.

ఆ అడగడం ఇప్పటివాళ్ళకు అర్థం కాదేమో. మా ఊళ్ళో సగంమంది ఇంట్లో కన్నడం మాట్లాడి వీధిలో తెలుగు మాట్లాడతారు. మిగతా సగం వీధినిబట్టి మాట్లాడతారు. నేను పెనుకొండ రాజుల పుస్తకాలను 'ఆంధ్రదేశ చరిత్ర' అన్న చీటీ కింద పెట్టాను. వారం తిరక్కుండా ఎవరో దానిమీద 'కర్ణాటక చరిత్ర' అని ఇంకో చీటీ అంటించారు. నేను చింపాను. మళ్ళీ అంటించారు. ఈసారి చింపింది నేను కాదు, కింద మండీ గుమాస్తా. అతను చీటీ చింపుతుండగా చూసినవాడు ఒక బడిపంతులు. అంటించినవాడూ ఆయనే.

"పెనుకొండ రాజులు తమ గద్దెను కర్ణాటక సింహాసనమనే కదప్పా రాసుకున్నారు. నువ్వెవడివి కాదనడానికి?" అన్నాడు పంతులు.

"వాండ్లు ఏమన్నా రాసుకోనీ. ఏం మాట్లాడినారో చెప్పు. కోటలో ఎవుర్ని అడిగినా తెలుగే కదా," అన్నాడు గుమాస్తా.

"నువ్వు ఇన్నావా? నువ్వు ఆడ ఉన్నావా?"

"నువ్వు మాత్రం ఉన్నావా?"

ఇంతే. ఇంతకంటే పెద్ద మాట ఒక్కటీ పడలేదు. గుమాస్తా పంతులు కండువా మెడకు మెలివేసి లాగాడు. పంతులు అతని ముక్కు మీద గుద్దాడు. ఇద్దరూ కలిసి బీరువా మీద పడ్డారు. నేను నెలల తరబడి వరుసకు పేర్చిన నా చరిత్ర మొత్తం నేలమీదికి జారి, వాళ్ళ కాళ్ళ కింద నలిగింది. అట్టలు ఊడిపోతున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడుతో నాకు కళ్ళు కనపడలేదు. రూళ్ళకర్ర తీసి, ఎవరిదని చూడకుండా, చేతికందిన తల మీద కొట్టాను. పంతులు కూలబడిపోయాడు. నుదురు నుంచి చెవి దాకా రక్తం కారి చొక్కా తడిసింది. గుమాస్తా మెట్లు దిగి పారిపోయాడు.

పంతులు గోడకు ఆనుకుని కూర్చుని, కండువాతో తల అదుముకుంటూ, నా వైపు కాదు, నేలవైపు చూశాడు.

"పుస్తకాలకు రక్తం అంటకుండా రవంత జరపప్పా," అన్నాడు.

ఆ మాటతో మేమిద్దరం స్నేహితులమయ్యాం. ఆయన తల మానేదాకా రోజూ వాళ్ళింటికి పోయాను. కేసు పెట్టలేదు. దానికి బదులు ఆయన నాకొక చిన్న పుస్తకం ఇచ్చి, గ్రంథాలయంలో చేర్చమన్నాడు. తనే రాసి, అనంతపురంలో అచ్చు వేయించుకున్నాడు. పెనుకొండ కోటను ఎవరెవరు ముట్టడించారు, లోపలివాళ్ళు ఎట్లా ఎదురు తిరిగారు, చివరికి ఎట్లా పట్టుబడింది అన్న కథ. తలలు తెగడం, గోడలు పగలడం, బావుల్లో శవాలు. నూరు పుటల్లో చావు లేని పుట ఒక్కటీ లేదు. పేరు 'పెనుకొండ పట్టు'. కోటను పట్టుకోవడం అని ఆయన అర్థం.

ఆ గొడవ తర్వాత నేనొక నిర్ణయానికి వచ్చాను. దేశాల పేర్లు తీసేస్తాను, రాజుల పేర్లు తీసేస్తాను. ఎవరిది అన్నది కాదు, ఏం జరిగింది అన్నదాన్నిబట్టే పుస్తకం పెడతాను. చరిత్రకు అంకె తొమ్మిది. తొమ్మిది బై ఒకటి, పరిపాలన. తొమ్మిది బై రెండు, గుళ్ళు, శాసనాలు. అట్లా పోయి పోయి తొమ్మిది బై ఏడు, యుద్ధాలు, తిరుగుబాట్లు. ఎవరు ఎవరిని చంపినా సరే, చంపుకున్నవన్నీ ఒకే అర. సుల్తానులు, పాలెగాళ్ళు, కుంపిణీ దొరలు, ఫ్రెంచివాళ్ళు, సిపాయిలు, అంతా అక్కడే. రెంటినీ విడగొట్టి ఉండవచ్చు. తిరుగుబాటు వేరు, యుద్ధం వేరు. కానీ అరలు చాలలేదు. పైగా ఒకడి తిరుగుబాటు ఇంకొకడికి యుద్ధం కాబట్టి మళ్ళీ తలలు పగులుతాయని భయపడ్డాను. నా పద్ధతికి ఎవరూ గొడవ చేయలేదు. నేను మీసం మెలేశాను.

అంకెలు తెలియనివాళ్ళ కోసం ఒక సొరుగు చేయించాను. అది విషయ సూచిక. ప్రతి పుస్తకం పేరులోని ముఖ్యమైన మాట తీసుకుని, ఆ మాట నెత్తిన రాసిన చీటీ, దాని కింద పుస్తకం పేరు, అంకె. అకారాది వరుస. మద్రాసులో నేర్పిన పద్ధతి ఇదే. రెండు నెలలు కూర్చుని రాశాను. చివరికి వచ్చేసరికి అర్థం చూడటం మానేశాను, అక్షరం చూసి రాసుకుంటూ పోయాను. 'ప' దగ్గర ఒక చీటీ ఇట్లా పడింది: పట్టు. పెనుకొండ పట్టు. 9/7.

ఇటు ధర్మవరం ఉందని, అక్కడ ఆ మాటకు ఒక్కటే అర్థమని నాకు తోచలేదు. ధర్మవరంలో పుట్టిన పసిబిడ్డను అడిగినా పట్టు అంటే ఏమిటో చెబుతుంది.

యూరపులో యుద్ధం మొదలై రెండేళ్ళయ్యాక ఒక నేతగాడు మెట్లెక్కి వచ్చాడు. ధర్మవరం మనిషి. పట్టు నూలు కోసం రైలెక్కి హిందూపురం వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతులు మాత్రం ఆడవాళ్ళ చేతుల్లా మెత్తగా ఉన్నాయి. గరుకు చేతులకు పట్టుపోగు తగులుకుంటుందని, వాళ్ళు మొరటు పని ముట్టరని తర్వాత తెలిసింది.

"సామీ, పట్టు మీద ఏమన్నా పుస్తకం ఉండాదా ఈడ?" అన్నాడు.

నేను తల ఎత్తలేదు. "చదువు వచ్చా?" అన్నాను.

"వస్తాది. నిదానంగా సదువుతా."

"అయితే ఆ సొరుగు లాగి చూసుకో. ప అక్షరం దగ్గర."

అతను సొరుగు దగ్గర నిలబడి, ఒక్కొక్క చీటీ వేలికొసతో జరుపుతూ, వెతుకుతూనే మాట్లాడాడు. యుద్ధంవల్ల ఓడల మీద వచ్చే సీమరంగులు రావడం లేదట. ఉన్న రంగులు ఒక్క ఉతుకుకే దిగిపోతున్నాయట.

"మా నాయన లక్కతో ఎరుపు వేస్తాండె. చింతపులుసు ఎంత, లక్క ఎంత, ఏ పొద్దుకు దించాల, అన్నీ ఆయప్పకే తెలుసు. చెప్పకుండానే పాయ. యాడన్నా రాసి పెట్టింటారేమోనని చూస్తాండా."

అంతలో చీటీ దొరికింది. అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. అతని మొహం విప్పారింది.

"పెనుకొండ పట్టు. రాజుల కాలం పట్టా సామీ? అయితే రంగులు కూడా రాసింటారు."

నేను విన్నాను. ఆ మాటలు చెవిన పడ్డాయి, ఇప్పటికీ వినపడుతున్నాయి. కానీ నా సూచికను ఒక నేతగాడు తనంతట తాను వాడుకోగలిగాడన్న సంబరం తప్ప నాకింకేదీ పట్టలేదు. అర నుంచి పుస్తకం తీసి ఇచ్చాను. పుస్తకం ఎరువిచ్చిన చీటీ మీద అతని పేరు, ఊరు, 9/7 రాసుకున్నాను. అతను పుస్తకాన్ని పంచె కొంగులో చుట్టుకుని, నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి పోయాడు. నెలలు గడిచినా తిరిగి ఇవ్వలేదు. తిట్టుకుంటూ రెండు కార్డులు కూడా రాశాను.

తర్వాత నలభై రెండు ఆగస్టు వచ్చింది. పెనుకొండకు ఇటు ఎక్కడో తంతితీగలు తెంపారు. అంగళ్ళు మూతబడ్డాయి, బజార్లో ఊరేగింపులు మొదలయ్యాయి. మూడోనాడు ఎక్కడినుంచో పంపిన రిజర్వు దళం బజార్లో దిగింది. మిద్దె మీదనుంచి చూశాను. ఊరేగింపులో ఉన్నవాళ్ళు పరుగెత్తి తప్పించుకున్నారు, లేనివాళ్ళు దెబ్బలు తిన్నారు. బుట్ట ఎత్తుకుని గోడవారగా నిలబడ్డ శెనక్కాయల ముసలాయన్ను మోకాళ్ళ మీద కొట్టారు. పడ్డాక వీపు మీద కొట్టారు. లాఠీ ఒంటికి తగిలే చప్పుడు మెత్తగా ఉంటుంది, ఎముకకు తగిలితే వేరేగా ఉంటుంది. ఆ తేడా నాకు ఆ పగలే తెలిసింది.

ఆ సాయంత్రమే మా మెట్లెక్కారు. దళం అధికారి మన సీమవాడు కాదు. లోపలికి వస్తూనే ఏమీ అడక్కుండా నా చెంప మీద కొట్టాడు. చెవి గుయ్యిమంది. పోలీసులు ఒక బీరువాను ముందుకు లాగి పడేశారు. వైద్యం, వంటలు, వ్యాకరణం బూట్ల కింద పడ్డాయి. వాళ్ళు రాజద్రోహం పుస్తకాల కోసం వచ్చారు. ఏ పుస్తకం ఏదో తెలియక అన్నిటినీ తన్నుతున్నారు.

అధికారి బల్ల మీది నా పుస్తకాల పట్టీ తీశాడు. పేజీలు తిప్పాడు. "ఈ అంకెలేమిటి?" అన్నాడు.

"వర్గీకరణ అండీ," అన్నాను.

"అంటే?"

చెప్పాను. అతను స్టూలు లాక్కుని కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు. తొమ్మిది అంటే చరిత్ర అని చెప్పాను. దేశాలవారీ పద్ధతి ఎందుకు మానేశానో చెప్పాను. ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి విభాగం వివరించాను. చెంప మండుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. నాలుగేళ్ళుగా ఎవరూ నన్ను ఇంత శ్రద్ధగా అడగలేదు. అతను మధ్యమధ్య తలూపాడు.

"మా ఆఫీసులో ఉండాల్సిన మనిషివయ్యా నువ్వు. అక్కడ ఒక్క కాగితం కావాలంటే నెల పడుతుంది," అన్నాడు.

నాకు సంతోషమైంది. దాచుకుని ఏం లాభం, ఎంతో సంతోషమైంది.

"అయితే ఈ తొమ్మిది బై ఏడు తీసుకుపోయినవాళ్ళ చీటీలన్నీ ఏరి ఇవ్వు," అన్నాడు.

అప్పుడు గానీ అతను ఇవన్నీ ఎందుకు అడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. కానీ నా చేయి అప్పటికే చీటీల పెట్టె మీదికి పోయింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నేను అమర్చిన తీరు అట్లాంటిది. పాత పద్ధతే ఉండి ఉంటే వాళ్ళు వారం రోజులు వెతుక్కుని విసుగుపుట్టి పోయేవాళ్ళు. పదకొండు చీటీలు వచ్చాయి. వాటిని, పట్టీని, ఆ అరలో మిగిలిన పుస్తకాలను మూటకట్టారు. మూట బిగించడానికి నా రూళ్ళకర్రను మధ్యలో దోపి పట్టుకుపోయారు. సూచిక సొరుగును మాత్రం ముట్టలేదు. ఆ పనికిరాని చీటీలు వాళ్ళకెందుకు.

రెండు రోజుల తర్వాత నన్ను రమ్మని కబురు వచ్చింది. ఖాళీ చేయించిన ఒక సత్రంలో దళం దిగి ఉంది. వసారాలో పదకొండుమంది గోడకు వరసగా కూర్చున్నారు. పోలీసులు వాళ్ళను పేర్లతో పిలవడం లేదు. "ఏయ్ తొమ్మిది బై ఏడు, లే," అంటున్నారు. నా అంకె వాళ్ళ నోట్లో తిట్టయిపోయింది. ఒక విద్యార్థి పెదవి చీలి వేలాడుతోంది. మా పంతులు కూడా ఉన్నాడు. అంతకుముందెప్పుడో తన పుస్తకాన్ని తానే ఎరువు తీసుకుని అచ్చుతప్పులు దిద్దుకున్న పాపానికి పట్టుకొచ్చారు. నేను పగలగొట్టిన చోటుకు పక్కనే ఆయన తల మళ్ళీ పగిలి ఉంది.

చివర నేతగాడు. ధర్మవరంలో మగ్గం గుంతలోనుంచి లాగి, తాడు కట్టి, రైల్లో తెచ్చారు. పుస్తకం కూడా అతని దగ్గరే దొరికింది.

అధికారి ఆ పుస్తకాన్ని నా ముందు పెట్టాడు. "వీడు ఇది పట్టు పుస్తకమని తెచ్చుకున్నాడట. చెవిలో పువ్వులు పెట్టుకున్నామా మేము? నువ్వు చెప్పు. ఇది పట్టు పుస్తకమా, యుద్ధం పుస్తకమా?"

"యుద్ధం," అన్నాను.

"నీ అంకె తప్పా?"

ఇక్కడే ఉంది అంతా. మా పఠనమందిరం ఆ సత్రానికి రెండు వీధుల అవతల. సొరుగులో ఆ చీటీ ఉంది. పరుగెత్తుకుపోయి తెచ్చి, ఇదిగో ఈ తప్పు నాది, అని ఒక్క మాట అంటే చాలు. అది నాకు అప్పుడే తెలుసు. తర్వాత తెలిసిందని చెప్పుకోను. నాకు భయం వేసింది. తప్పంటే నన్నూ ఆ వరసలో కూర్చోబెడతారని భయం. కానీ భయం ఒక్కటే అయితే నన్ను నేను క్షమించుకుని ఉందును. భయం పక్కనే ఇంకోటి ఉంది. అంత మెచ్చుకున్న మనిషి ముందు, ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరి ముందు, నా పద్ధతిలో తప్పుందని అనడానికి నాకు నోరు రాలేదు.

"అంకె తప్పు కాదండీ," అన్నాను. అది నిజం కూడా.

నేతగాడు తల తిప్పి నన్ను చూశాడు. "సామీ, సొరుగులో పట్టు అనే ఉండె కదా. నువ్వే సూసుకోమంటివి."

"సొరుగేమిటి?" అన్నాడు అధికారి.

"ఏదో పాత సూచిక అండీ. దానికీ దీనికీ సంబంధం లేదు," అన్నాను.

నేతగాడు రెండు చేతులూ చాచి చూపించాడు. తాను మగ్గం మనిషినని, చేతులు చూస్తే తెలుస్తుందని, రాళ్ళు కూడా ఎత్తలేదని, తీగలెట్లా తెంపుతానని వేడుకున్నాడు. అతను చూపించిన చేతులనే వాళ్ళు తీసుకున్నారు. గడప మీద పెట్టించి, ఒకడు మణికట్టు మీద బూటుతో నిలబడ్డాడు. ఇంకొకడు మూటలోని నా రూళ్ళకర్ర తీశాడు. మొదటి దెబ్బకు అతను అరవలేదు, ఆశ్చర్యపోయినట్టు చూశాడు. రెండో దెబ్బకు వేలు పక్కకు తిరిగింది. తర్వాత అరిచాడు. కుడిచేతి మూడు వేళ్ళు, ఎడమ బొటనవేలు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. ఆ గడప రాతి మీద రూళ్ళకర్ర ఒకసారి జారి తగిలిన చప్పుడు కూడా నాకు గుర్తుంది.

తొమ్మిదో రోజున అతన్ని వదిలేశారు. ఏ కేసూ లేదు.

నేను రెండు నెలలు తిండి సరిగ్గా తినలేదని రాస్తే ఎవరికి కావాలి. అతను తింటున్నాడా అన్నది ప్రశ్న. బెంగుళూరు పోయి, తెలిసినవాళ్ళను పట్టుకుని, పట్టుకు లక్కరంగు వేసే కొలతలు ఒక పాత పుస్తకంలో దొరికితే నా చేత్తో ఎత్తి రాసుకున్నాను. ఆ కాగితాలు జేబులో పెట్టుకుని ధర్మవరం రైలెక్కాను. దేనికి తీసుకుపోతున్నానో నాకే తెలియదు.

ఇల్లు ఎక్కడని అడిగితే వెంటనే చూపించారు. లోపల మగ్గం మీద అతని భార్య కూర్చుని ఉంది. పక్కన అతను పీట మీద కూర్చుని, వంకరపోయిన వేళ్ళను ఒడిలో పెట్టుకుని, పోగు తెగినప్పుడల్లా ఎక్కడ తెగిందో కంటితో చూసి చెబుతున్నాడు. అతికే పని ఆమెది.

నేనెవరో చెప్పుకున్నాను. కాగితాలు తీసి, ఇవి లక్కరంగు కొలతలని చెప్పి ముందు పెట్టాను.

ఆమె వాటిని చూడలేదు. "ఇప్పుడు తెచ్చినావా?" అంది. "రంగేసి ఎవురు నెయ్యాల? నువ్వు నేస్తావా?"

నేను ఏదో అనబోయాను. ఆమె చేతిలో పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉంది. రెండు కొసలా ఇనుప ములికి ఉంటుంది దానికి. దాన్ని ఎత్తి నా మొహం మీద కొట్టింది. కనుబొమ చీలింది. మళ్ళీ కొట్టింది. నేను చేయి అడ్డం పెట్టలేదు. అది గొప్పతనం కాదు, ఆ దెబ్బలు పడుతుంటే నాకు కొంచెం ఊపిరి ఆడింది, అంతే. రక్తం కంట్లోకి పోయి ఏమీ కనపడలేదు.

"సాలు లేమ్మీ. పోగుల మీద పడతాది," అన్నాడు అతను.

ఆమె ఆగింది. అతను నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"ఆ పుస్తకం మొత్తం సదివినా సామీ," అన్నాడు. "ఏ పుటలోనన్నా పట్టు వస్తాదేమో అని. కడ దాకా సదివినా. అంతా నరుక్కోవడమే."

ఆమె మళ్ళీ నేయడం మొదలుపెట్టింది. నేను కాగితాలను అక్కడే వదిలి, కండువా కంటికి అదుముకుని స్టేషనుకు నడిచాను. నా నుదుటి మీది మచ్చ గురించి అడిగినవాళ్ళకు మెట్ల మీద పడ్డానని చెబుతూ వచ్చాను.

స్వరాజ్యం వచ్చింది. మా పంతులుకు తల మీద రెండు మచ్చలు, ఊళ్ళో మంచి మర్యాద. ఆయన పెద్దరికంలో ఒక సంఘం ఏర్పడి, మా పఠనమందిరంలో ఒక పలక పెట్టాలని తీర్మానించారు. మన ప్రాంతపు స్వాతంత్ర్య వీరులు అని నెత్తిన రాసి, కింద పేర్లు. ఆ పదకొండుమంది పేర్లూ ఉన్నాయి. అక్షరాలు రాయాల్సింది నేను. సున్నం తెలుపుతో, చేయి వణకకుండా, అందంగా రాశాను. పదకొండో పేరు నేతగాడిది. దాన్ని రాసేటప్పుడు కూడా నోరు తెరవలేదు. అబద్ధం గౌరవంగా ఉంటే మోయడం సులభం. అతనికీ మంచిదేలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

పలక తగిలించే రోజు పంతులు మనిషిని పంపి అతన్ని పిలిపించాడు. మధ్యాహ్నం రైలుకు వచ్చాడు. సంఘంవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పంతులు దండ వేయబోయాడు. అతను ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, పలక ముందు నిలబడి, పేర్లన్నీ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు.

"ఇది తీసెయ్యి సామీ," అన్నాడు. నాతోనే అన్నాడు.

"అదేంటప్పా, దెబ్బలు తింటివి కదా. దేశం కోసం చేతులు పోగొట్టుకుంటివి," అన్నాడు పంతులు.

"దేశం నన్ను అడగలా, నేను దేశాన్ని అడగలా. నేను అడిగింది పట్టు."

అందరూ నా వైపు చూశారు. ఏం అర్థమైందో ఏమో, పంతులు మొహంలో రంగు మారింది.

అతను సొరుగు దగ్గరికి పోయాడు. ఏళ్ళు గడిచినా ఆ సొరుగు అక్కడే ఉంది. వంకర వేళ్ళతో లాగడం రాక, పిడిని రెండు అరచేతుల మధ్య ఇరికించి తెరిచాడు. "ప యాడుంటాదో నువ్వే తియ్యి," అన్నాడు. తీశాను. చీటీ అట్లాగే ఉంది. పట్టు. పెనుకొండ పట్టు. 9/7. దాన్ని నేను ఇన్నేళ్ళలో చింపలేదు, దిద్దలేదు. చింపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని దాని జోలికే పోలేదు.

"ఇది తప్పా, కాదా? వీండ్లందరి ముందర చెప్పు."

"తప్పు," అన్నాను. "అంకె కాదు, ఈ చీటీ తప్పు. నేను రాసిన తప్పు. ఆనాడు సత్రంలో అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు."

కింద బెల్లం బండి ఒకటి దిగి గోడ అదిరింది. పంతులు చేతిలో దండ అట్లాగే ఉంది. ఆయన తన తల మీద రెండో మచ్చ తడుముకున్నాడు. ఆ తర్వాత ఆయన చచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

"నన్ను ఆడ కాదు, ఈడ పెట్టు," అన్నాడు నేతగాడు, చీటీ మీద వంకర వేలు ఆనించి.

కలం తీశాను. 'పెనుకొండ పట్టు' అన్న మాటలనూ, 9/7 అన్న అంకెనూ కొట్టేశాను. నెత్తిన 'పట్టు' అన్న మాట ఒక్కటే మిగిలింది. దాని కింద అతని పేరు రాశాను, ధర్మవరం అని రాశాను. పట్టు పుస్తకం అడిగినాడు, అని రాశాను.

"ఇంకో వరస ఉండాది. ఇచ్చింది ఎవురో రాయి."

నా పేరు రాశాను.

అతను చీటీని వెలుతురుకు తిప్పించి, మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదివాడు. నా పేరు దగ్గర కూడా ఆగి, ఒత్తులతో సహా చదివాడు.

"ఇప్పుడు తప్పు లేదు సామీ," అని, మోచేత్తో సొరుగు మూసి, మెట్లు దిగి రైలుకు పోయాడు.